నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా: హైదరాబాద్ రన్నర్స్ శిక్షణ, నగర మారథాన్ – ఒక సమీక్ష

నేను ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. నలభై రెండేళ్ల వయసులో, రక్తంలో చక్కెర హద్దు దాటబోతున్నదని వైద్యురాలు హెచ్చరించిన తరువాత పరుగు మొదలుపెట్టి, నాలుగేళ్లలో 5 కిలోమీటర్ల నుంచి 42.195 కిలోమీటర్ల పూర్తి మారథాన్ దాకా వచ్చాను. ఈ ప్రయాణంలో నేను ఎక్కువగా ఆధారపడినది హైదరాబాద్ రన్నర్స్ సొసైటీ శిక్షణ మీద, ఆ సంఘం నిర్వహించే హైదరాబాద్ మారథాన్ మీద. కొత్తగా చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు, ముఖ్యంగా నలభై దాటిన స్త్రీలు నన్ను తరచు అడుగుతున్నారు కనుక, నా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఈ సంఘం ఇచ్చే సలహాలో అన్నిటికన్నా విలువైన గుణం, అది ఈ ఊరి ఎండను, ఈ ఊరి ఉక్కను, ఈ ఊరి గుట్టలను లెక్కలోకి తీసుకొని చెప్పినది కావడం. శిక్షణ ప్రణాళికలు ఫోనులో వందలుగా దొరుకుతాయి కాని, అవి జూబ్లీహిల్స్ ఎత్తును ఎరిగినవి కావు.

సంఘం 2007లో మొదలైంది. లాభాపేక్ష లేనిది. 2011లో నగరంలో తన తొలి మారథాన్‌ను నిర్వహించింది. కోవిడ్ కాలాన్ని మినహాయిస్తే సాధారణంగా ఆగస్టు చివరి ఆదివారం నాడు ఈ పరుగు జరుగుతుంది. ప్రాయోజకులు మారినప్పుడల్లా పేరు ముందున్న మాట మారింది. పరుగెత్తేవారు మాత్రం మొదటి నుంచీ హైదరాబాద్ మారథాన్ అనే అంటున్నారు. శిక్షణ శిబిరాలలోనూ పరుగు రోజున దారి పొడవునా కనిపించేది స్వచ్ఛంద కార్యకర్తలే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వైద్యులు, ఉపాధ్యాయులు, పదవీ విరమణ చేసినవారు తమ ఉద్యోగానికి వెళ్లే ముందు రెండు గంటలు ఇతరుల కోసం కేటాయిస్తారు. డబ్బు తీసుకొని నేర్పేవారి దగ్గర లేని ఓపిక వీరి దగ్గర కనిపించిందని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

నేను చేరింది ఎన్నడూ పరుగెత్తనివారి కోసం నడిపే 'కౌచ్ టు 5కె' (సోఫా నుంచి 5 కిలోమీటర్ల దాకా అని అర్థం) శిక్షణలో. ఈ పద్ధతి మూలం 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికా యువకుడు తయారు చేసిన తొమ్మిది వారాల ప్రణాళిక. అందులో వారానికి మూడు రోజులే సాధన ఉంటుంది. మొదటి వారం 60 సెకన్లు మెల్లగా పరుగు, 90 సెకన్లు నడక, మళ్లీ పరుగు, మళ్లీ నడక, ఇలా ఇరవై నిమిషాలు చేయాలి. కాగితం మీద ఇది చాలా తేలికగా అనిపిస్తుంది, అక్కడే ప్రమాదం. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలలోనే శ్రమకు అలవాటు పడతాయి. చీలమండ వెనుక, మోకాలి చుట్టూ ఉండే స్నాయువులు (కండరాలను, ఎముకలను కలిపి ఉంచే పట్టీలు), ఎముకలు బలపడడానికి నెలలు పడుతుంది. ఊపిరి ఆడుతున్నది కదా అని వేగం పెంచినవారు ఆరో వారానికి మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పితో ఇంట్లో కూర్చుంటారు. నేను కూడా రెండో వారంలోనే తొందరపడ్డాను. శిక్షకుడు నన్ను ఆపి, "మేడమ్, పక్కవారితో మాట్లాడుతూ పరుగెత్తండి. మాట తెగిందంటే వేగం ఎక్కువైందన్నమాట" అని చెప్పి, అరవై అయిదేళ్ల పెద్దాయన పక్కన నన్ను నిలిపారు. ఆయన తన మనవరాలి అన్నప్రాశన గురించి చెబుతూ నాతో మూడు కిలోమీటర్లు పూర్తి చేయించారు. ఆ రోజు ముగిసిన తరువాత, "అమ్మా, ఇంకా పరుగెత్తగలను అనిపిస్తున్నప్పుడే ఆపెయ్యాలి, అప్పుడే ఎల్లుండి మళ్లీ వస్తావు" అన్నారు. నాలుగేళ్లలో నాకు అందిన సలహాలలో నేను ప్రతి వారం పాటిస్తున్నది ఇదే.

పూర్తి మారథాన్ శిక్షణకు సాధారణంగా పదహారు నుంచి పద్దెనిమిది వారాలు కావాలి. ఆగస్టు చివరి ఆదివారం నుంచి వెనక్కి లెక్క వేస్తే మొదటి వారం ఏప్రిల్ చివరనో మే మొదట్లోనో పడుతుంది. అంటే దూరం పెంచుకుంటూ పోయే తొలి నెలన్నర మండు వేసవి, రోహిణి కార్తె అందులోనే. చల్లని దేశాలలో శరదృతువులో జరిగే పరుగుల కోసం రాసిన ప్రణాళికలు ఇక్కడ ఎందుకు విఫలమవుతాయో ఈ ఒక్క లెక్క చాలు చెప్పడానికి. ఆ ప్రణాళికలో కిలోమీటరుకు ఏడు నిమిషాలు అని రాసి ఉంటుంది. మే నెలలో తెల్లవారుజామున కూడా వేడి తగ్గని గాలిలో ఆ వేగం పట్టుకుంటే గుండె కొట్టుకునే తీరు మరో స్థాయికి వెళుతుంది. సంఘంలోని అనుభవజ్ఞులు ఆ నెలన్నర గడియారంలోని వేగాన్ని చూడవద్దని, ఊపిరిని, పరుగెత్తిన సమయాన్ని మాత్రమే చూసుకోమని చెబుతారు. వేడికి శరీరం అలవాటు పడడానికి దాదాపు పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ కాలంలో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది. ఆ రెండు వారాలు తగ్గించి పరుగెత్తినవారు జూన్‌లో లాభపడతారు.

అయితే మృగశిర ప్రవేశించి తొలకరి పడగానే కష్టం తీరిపోతుందనుకోవడం పొరపాటు. నేను పాఠం చెప్పే విషయమే కనుక కాస్త ఆగి చెబుతాను. చెమట కారినందువల్ల ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి దాదాపు 2,400 జౌళ్ల వేడిని చర్మం నుంచి తీసుకుంటుంది. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు ఆవిరి కావడం మందగిస్తుంది, చెమట బొట్లుగా నేల మీద పడిపోతుంది, నీరు నష్టపోయిన ఫలితం మాత్రం దక్కదు. ఆగస్టు నెలాఖరున, మఖ కార్తె మబ్బుల కింద ఎండ లేకపోయినా పరుగు కష్టంగా తోచడానికి కారణం ఇదే. వేసవిలో ఎండను, వానాకాలంలో ఉక్కను విడివిడిగా నేర్చుకోవలసి ఉంటుందని నాకు చెప్పినవారు ఈ బృందంలోనివారే, ఏ ఫోను ప్రణాళికా చెప్పలేదు.

నీరు, ఆహారం విషయంలో బృందం ఇచ్చిన సలహా నిదానమైనది. ఎంత తాగితే అంత మంచిదనే నమ్మకం పాతదే కాని, అది ప్రమాదకరమైనది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్త నమూనాలను పరీక్షించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో 13 శాతం మందికి రక్తంలో సోడియం సాధారణ స్థాయికన్నా తగ్గినట్లు తేలింది. అతిగా తాగి, పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారిలో ఇది ఎక్కువగా కనిపించింది. నాలుగు గంటలకు పైగా దారిలో ఉండే నా వంటి నిదానపు పరుగరులకే ఈ ముప్పు ఎక్కువ. అందువల్ల దప్పికను బట్టి తాగాలి, పొడవైన పరుగులలో ఓఆర్‌ఎస్ పొట్లం దగ్గర పెట్టుకోవాలి, పొట్లం మీద రాసినంత నీటిలోనే దానిని కలపాలి. శక్తి సంగతికి వస్తే, కండరాలలోనూ కాలేయంలోనూ నిలవ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం చాలామందికి ముప్పై కిలోమీటర్ల ప్రాంతంలో అడుగంటుతుంది కనుక గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందిస్తూ ఉండాలి. అందుకు ఖరీదైన జెల్ పొట్లాలే కావాలని ఎవరూ నన్ను ఒత్తిడి చేయలేదు. మా బృందంలో ఖర్జూరాలు, ఉప్పు చల్లిన ఉడికిన బంగాళాదుంప ముక్కలు, అరటిపండు, పల్లీపట్టి తెచ్చుకునేవారే ఎక్కువ. పల్లీపట్టి పరుగు మధ్యలో నమలడం కష్టమని, అది ముగిసిన తరువాత తినవలసినదని నా అనుభవం. ముందు రోజు రాత్రి పెరుగన్నం, పరుగుకు గంటన్నర ముందు రెండు ఇడ్లీలు నాకు సరిపడ్డాయి, రాగిజావ సరిపడలేదు. ఇటువంటివి సాధన రోజులలోనే తేల్చుకోవాలి.

ఇక బూట్లు. నా మొదటి జత ఒక పెద్ద మాల్‌లోని దుకాణంలో కొన్నాను. అక్కడి అబ్బాయి నా పాదాన్ని కొలవకుండానే, నేను రోజూ వేసుకునే చెప్పుల అంకె అడిగి, స్త్రీల వరుసలోంచి అందమైన రంగు జత ఇచ్చాడు. పది కిలోమీటర్లు దాటే సరికి రెండు బొటనవేళ్ల గోళ్లు నల్లబడ్డాయి. ఆ తరువాత బృందంలోని ఒకరు పరుగు సామగ్రి మాత్రమే అమ్మే చిన్న దుకాణానికి తీసుకువెళ్లారు. అక్కడి యజమాని స్వయంగా పరుగెత్తే మనిషి. పాదాలు రోజంతా నడిచిన తరువాత కాస్త ఉబ్బుతాయి కనుక సాయంత్రమే రమ్మన్నారు; పరుగులో వేసుకునే మేజోళ్లతోనే నిలబెట్టి రెండు పాదాలనూ కొలిచారు, ఎడమది పెద్దదని తేలింది; కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలన్నారు. నా పంజా వెడల్పుగా ఉన్నందున పురుషుల వరుసలోని వెడల్పాటి జతను చూపించారు. దక్షిణ భారతంలో జీవితమంతా చెప్పులు లేకుండా నడిచినవారి పాదాలను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనం కూడా అటువంటి పాదాలు ముందుభాగంలో వెడల్పుగా ఉంటాయని చెప్పింది. పల్లెలో పదిహేనేళ్లు వట్టి కాళ్లతో తిరిగిన నాకు ఆ మాట సహజంగా తోచింది. ఆ యజమాని నాకు నచ్చడానికి మరో కారణం, పాదం లోపలికి వాలుతున్నదా బయటికి వాలుతున్నదా అని చూసి దానికి తగిన బూటు అంటగట్టే పాత పద్ధతిని ఆయన అనుసరించకపోవడం. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవారికి పాదాల తీరును బట్టి బూట్లు ఇచ్చి చేసిన పరిశోధనలలో గాయాలు తగ్గలేదు. వేసుకొని దుకాణం ముందు వీధిలో వంద మీటర్లు పరుగెత్తితే ఏది హాయిగా ఉంటుందో అదే కొనమన్నారు.

వానాకాలంలో రెండు జతలు ఉండాలనే సలహాను నేను మొదట ఖర్చు పెంచే మాటగా భావించాను. ఒకసారి తడిసిన బూటు లోపల పాత దినపత్రికలు కుక్కి ఫ్యాను కింద పెట్టినా రెండు రోజులకుగాని ఆరదని జూలైలో తెలిసివచ్చింది. ఒక జత సుమారు 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది కనుక, రెండు జతలు మార్చి మార్చి వాడితే మొత్తం మీద నష్టం ఏమీ లేదు. కొన్న తేదీని బూటు నాలుక లోపలి వైపు పెన్నుతో రాసుకోవడం కూడా ఆ దుకాణంలో నేర్చుకున్నదే.

స్త్రీలకు బృందం అవసరం వేరొక కారణం వల్ల కూడా ఉంది. తెల్లవారుజామున అయిదు గంటలలోపు ఒంటరిగా రోడ్డు మీదకు వెళ్లడం మాలో చాలామందికి సాధ్యం కాదు. కుక్కలు, చీకటి, ఇంట్లోవారి ఆందోళన, ఈ మూడింటికీ కలిసి పరుగెత్తడమే పరిష్కారం. నెక్లెస్ రోడ్డు, కేబీఆర్ పార్కు చుట్టుదారి, గచ్చిబౌలి ప్రాంతం, ఇలా మనుషులు కనిపించే చోట్లను సాధనకు ఎంచుకోవడం మంచిది. మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నది, ఏ వేళకు తెరుస్తారు అనేది పొడవైన పరుగుకు దారి గీసేటప్పుడు మేము నీటికన్నా ముందు చూసుకునే విషయం. బిగుతుగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా బూటుతో సమానమైన అవసరమని, సంకోచం లేకుండా మొదటి రోజే చెప్పిన శిక్షకురాలికి నేను కృతజ్ఞురాలిని.

ఇప్పుడు అసలు పరుగు గురించి. పూర్తి, సగం మారథాన్‌లు హుస్సేన్‌సాగర్ ఒడ్డున పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియంలో ముగుస్తాయి. దారి ఏటా కొంత మారుతుంది కాని, దాని స్వభావం మారదు. హుస్సేన్‌సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్లు, చుట్టుపక్కల నీరంతా చేరే పల్లం అది. పల్లంలో మొదలై గుట్టల మీదికి పోయే దారి ఎలా ఉంటుందో దీనిని బట్టే ఊహించవచ్చు. నెక్లెస్ రోడ్డు మీద చదునుగా, చీకటిగా, చల్లగా సాగే మొదటి కిలోమీటర్లు మనిషిని మోసం చేస్తాయి. రాజ్‌భవన్ రోడ్డు, పంజాగుట్ట ఫ్లైఓవర్ దాటి బంజారాహిల్స్ వైపు తిరిగినప్పటి నుంచి కేబీఆర్ పార్కు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వరకు మొత్తం మీద ఎక్కుడే. మా శిక్షకుడు ఈ భాగంలో వేగాన్ని కాక శ్రమను సమంగా ఉంచమని, అడుగు చిన్నది చేసి, చూపు పది అడుగుల దూరంలో నిలిపి, అవసరమైతే నడవమని నేర్పారు. నడవడాన్ని ఓటమిగా చూడని బృందంలో నేర్చుకున్నందువల్ల నేను నిస్సంకోచంగా నడిచాను. నన్ను దాటి వెళ్లినవారిలో కొందరిని మాదాపూర్‌లోని మైండ్‌స్పేస్ దగ్గర మళ్లీ కలిశాను.

చాలామంది గ్రహించనిది దిగుడులోని కష్టం. రోడ్డు నంబరు 45 మీదుగా దుర్గం చెరువు తీగల వంతెన వైపు దిగేటప్పుడు కాళ్లు వాటంతట అవే పరుగెడతాయి. అయితే దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపవలసి ఉంటుంది, కండరానికి ఎక్కువ నష్టం కలిగించే పని అదే. దాని ఫలితం వెంటనే తెలియదు. గచ్చిబౌలి దగ్గరి ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. 2020 సెప్టెంబరులో ప్రారంభమైన ఆ తీగల వంతెన మీద సూర్యోదయ వేళ నీటి మీది గాలి తగిలినప్పుడు కలిగిన సంతోషాన్ని నేను మరువలేను, అయినా అక్కడ వేగం పెంచకుండా ఉండడమే ఈ దారిలో అన్నిటికన్నా కష్టమైన క్రమశిక్షణ. సాధనలో వారానికి ఒకరోజు ఏదైనా ఎత్తుపల్లాల దారిలో దిగుడును కూడా అభ్యసించనివారు ఈ మారథాన్‌కు సగమే సిద్ధపడ్డట్టు.

దారిలో కార్యకర్తల ఉత్సాహం, డప్పుల మోత, తమ అపార్ట్‌మెంట్ల ముందు నిలబడి చప్పట్లు కొట్టే పిల్లలు, ఇవి చివరి పది కిలోమీటర్లలో నిజంగా పనిచేస్తాయి. ముప్పై మూడో కిలోమీటరు దగ్గర నా చేతిలో ఉప్పు చల్లిన నారింజ తొన పెట్టి "ఇంకొంచెమే అక్కా, మెల్లగా పోండి" అన్న విద్యార్థినికి నా విద్యార్థుల వయసే ఉంటుంది. పేసర్లు, అంటే నిర్ణీత సమయానికి ముగించేలా జెండా పట్టుకొని సమవేగంతో నడిపించేవారు, కొత్తవారికి గొప్ప ఆసరా. కాని గుట్టల మీద వారి అడుగులో అడుగు వేయాలని పట్టుపట్టకుండా, జెండా కంటికి కనిపించే దూరంలో ఉంటే చాలనుకోవడం మేలు.

ముగిసిన తరువాత చాలామంది తమ చేతి గడియారం 42.6 కిలోమీటర్లు చూపించిందని, దారిని తప్పుగా కొలిచారని అంటారు. అది సరికాదు. అంతర్జాతీయ పద్ధతిలో దారిని కొలిచేది సైకిలు చక్రానికి అమర్చిన లెక్కింపు యంత్రంతో, మలుపుల లోపలి అంచున సాధ్యమైనంత దగ్గరి గీత వెంట. దారి పొరపాటునైనా తగ్గకుండా ప్రతి కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలుపుతారు, అంటే 42.195 కిలోమీటర్లకు మరో 42 మీటర్లు. మనమేమో మలుపుల బయటి అంచున, నీళ్ల బల్లల వైపు అడ్డంగా, మనుషులను తప్పించుకుంటూ పరుగెత్తుతాం. ఎత్తయిన భవనాల మధ్య ఉపగ్రహ సంకేతం తడబడడం దీనికి తోడవుతుంది.

ఈ పరుగు ఎవరికి తగినదో కూడా చెప్పాలి. మొదటి పూర్తి మారథాన్‌లో మంచి సమయం సాధించాలని కోరుకునేవారికి నేను దీనిని సూచించను. అటువంటివారికి జనవరి మూడో ఆదివారం జరిగే ముంబై మారథాన్ గాని, సముద్రపు గాలి తగిలే బీచ్ రోడ్డు మీద సాగే విశాఖ నేవీ మారథాన్‌లో సగం దూరం గాని మేలని నా అభిప్రాయం. సమయంతో పని లేకుండా తమ ఊరిని తమ కాళ్లతో తెలుసుకోవాలనుకునేవారికి, రెండు మూడు సగం మారథాన్‌లు చేసి ఉన్నవారికి హైదరాబాద్ దారిని మించినది లేదు. మొదటి సంవత్సరం 10 కిలోమీటర్లు, రెండవ సంవత్సరం సగం, ఆ పైన ఒకటి రెండేళ్లు ఆగి పూర్తి, అనే క్రమాన్ని బృందంలోని పెద్దలు నాకు సూచించారు. ఆ ఆగడం వల్లనే ఇవాళ నా మోకాళ్లు నొప్పి లేకుండా ఉన్నాయని నమ్ముతున్నాను.

ఒక కోరిక మాత్రం ఉంది, ఇది ఏ ఒక్క సంఘాన్ని ఉద్దేశించినది కాదు, మన నగరాలలోని పరుగు లోకమంతటికీ సంబంధించినది. శిక్షణ ప్రణాళికలు, గాయాల గురించిన సూచనలు, పోటీ నియమాలు తెలుగులో రావాలి. టెంపో, టేపర్, క్యాడెన్స్ వంటి మాటలు తెలిసినవారి మధ్యనే ఈ విద్య తిరుగుతున్నంత కాలం, తెల్లవారుజామునే లేచి పనికి పోయే, చక్కెర జబ్బు అంచున ఉన్న ఎందరో స్త్రీలకు ఇది చేరదు. టేపర్ అనే మాటకు బదులు, పోటీకి ముందు పరుగు తగ్గించుకుంటూ విశ్రాంతినిచ్చే చివరి రెండు మూడు వారాలు అంటే అర్థం కానివారు ఉండరు.

నేను నా వంతుగా ఎనిమిది వారాల ప్రణాళికను ఒక పుట తెలుగులో రాసి, మా కళాశాల కార్యాలయంలో పనిచేసే ఇద్దరికి ఇచ్చాను. సోమవారం ఉదయం మొదలుపెడుతున్నాం. వారిలో ఒకరు నిన్న అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, ఈ బూట్లే సరిపోతాయా, కొత్తవి కొనాలా?" అని. నడక రోజులకు అవే చాలని, మూడో వారం వచ్చాక సాయంత్రం వేళ ముగ్గురం కలిసి ఆ చిన్న దుకాణానికి వెళదామని చెప్పాను.